ఏ నలుపు కావాలె?

ఫోన్ ఎత్తింది ఆయన కాదు. వయసు మళ్ళిన ఆడగొంతు, "ఎవలూ?" అంది.

చిన్న మంగళారం నుంచి మాట్లాడుతున్నానని, మా సెల్లార్ గోడకు ఏటా వేసే సున్నం ఈ ఏడు ఇంకా పడలేదని, వానలు మొదలైపోయాయి కాబట్టి పెద్దాయన్ని తొందరగా పంపమని చెప్పుకుంటూ పోయాను. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు నడవడం నా అలవాటు. వరండా ఈ చివర మొదలుపెడితే ఆ చివరకు చేరేసరికి చెప్పడం అయిపోయింది. మళ్ళీ ఈ చివరకు వచ్చేదాకా అవతల చప్పుడు లేదు.

"లేడు బిడ్డా. పోయిండు. నెల దాటింది," అంది ఆమె. "పండుకున్నోడు పొద్దుగాల లేవలే."

ఏదో అన్నాను. అలాంటప్పుడు అందరం అనేదే.

"నువ్వు గా నల్లగోడ సారువా?" అని అడిగింది.

ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసి పేరు వెనకాల తగిలించుకున్న హోదాలు ఎటు పోయాయో గాని, చేవెళ్ళలో ఒక ఇంట్లో నేను నల్లగోడ సారుని. అవునన్నాను.

"చెప్తుండె నీ గురించి. ఆ సారు కూసోడు అని."

నేనప్పుడు వరండాలో నాలుగో చుట్టులో ఉన్నాను. ఆగాను.

ఆగాక తెలిసింది, కాళ్ళు తిరగకపోతే బుర్ర తిరుగుతుందని. పెద్దాయన పోయిన సంగతి మా అమ్మాయికి చెప్పాలి. దొంతన్‌పల్లిలో చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. వాన పడితే ఫోన్ చేస్తుంది. ఆకాశం చూస్తే చేవెళ్ళ వైపు నుంచి అప్పటికే మబ్బు పట్టుకొస్తోంది.

* * *

మా ఊళ్ళు కృష్ణా కాలవల పక్కన. అక్కడ నాలుగడుగులు తవ్వితే నీళ్ళు. నేల కింద గది అంటే మాకు పాతాళమే, అదీ పురాణం చెప్పేవాళ్ళ నోట్లో. అందుకని ఇక్కడ ఇల్లు కట్టేటప్పుడు, ఇది రాతినేల కదా, బోరు ఎంత లోతు దింపినా చెమ్మ తగలదు కదా అని మురిసిపోయి, పట్టుబట్టి సెల్లార్ తవ్వించాను. తెల్లని ఆయిల్ పెయింట్ వేయించాను. తొలి వానాకాలానికే గోడలు చెమర్చి పెయింట్ అప్పడంలా పొంగింది. ఈ చుట్టుపక్కల స్థలాలు కొన్న మా వైపు వాళ్ళు చాలామంది ఇలాగే మురిసి, ఇలాగే అప్పడాలు వేయించుకున్నారని తర్వాత తెలిసింది. మనం మోసపోయామని తెలియడం ఒక బాధ, అందరూ మోసపోయారని తెలియడం ఒక ఊరట.

ఆ సెల్లార్లో ఫోన్ పనిచేయదు. సెల్లు ఆరిపోతుంది కాబట్టే దానికా పేరు అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంటాను. "నాన్నా, ఈ జోక్‌కి కూడా సిగ్నల్ లేదు," అనేది మా అమ్మాయి, జోకులు వినే రోజుల్లో.

మూడున్నరేళ్ళ కిందట, ఇంటర్ మొదటి ఏడాది సగంలో, అది హాస్టల్ నుంచి వచ్చేసింది. ట్రంకుపెట్టె దింపి, "ఇంక వెళ్ళను," అంది. ఆ మాట తర్వాత నెలన్నర దాకా మరో మాట లేదు. పైన తన గది ఉండగా, సెల్లార్లోకి పరుపు దింపుకుంది. అన్నం వేళకు మా ఆవిడ మెట్ల మీద కంచం పెట్టేది. కాసేపటికి ఖాళీ కంచం మెట్ల మీదికి వచ్చేది. మా ఇంట్లో సంభాషణ అంటే అదే.

సెల్లార్ లైటు స్విచ్చు అప్పట్లో పైన ఉండేది, మెట్ల మొదట్లో. కిందకి దిగేవాడికి ముందు లైటు కావాలి కదా అని నేనే ఆలోచించి అక్కడ పెట్టించాను. నా ఆలోచనలన్నీ ఇలాగే ఉంటాయి, దిగేవాడి గురించి. దిగి కూర్చున్నవాళ్ళ గురించి కాదు. ఇంట్లోంచే ఉద్యోగం కాబట్టి, పది నిమిషాలకోసారి వెళ్ళి లైటు వేసి తొంగి చూసేవాణ్ణి. దుప్పటి కదిలితే ఆపేసి, వరండాలో నాలుగు చుట్లు తిరిగి, మళ్ళీ వెళ్ళేవాణ్ణి. రాత్రుళ్ళు కూడా.

నెలన్నరకు అది రెండో మాట మాట్లాడింది. "ఈ గోడలకు నల్లరంగు వేయించండి."

"ఎందుకు?" అన్నాను.

దుప్పటి మళ్ళీ మొహం మీదికి వెళ్ళింది.

నలుపు నారాయణ మెచ్చు అంటారు. నారాయణుడు మెచ్చాడేమోగాని మా ఆవిడ ఆ రోజంతా వంటింట్లో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. నేల కింద, నల్లగోడల మధ్య, పదహారేళ్ళ పిల్ల. మా ఇద్దరికీ ఒకటే భయం. దాని పేరు ఇద్దరం పైకి అనలేదు.

* * *

మొయినాబాద్ రోడ్డు మీద హార్డ్‌వేర్ షాపు అతను, "తడిగోడ అంటే ఒక్కడే ఉన్నడు సార్, సున్నం తాత, చేవెళ్ళ నుంచి వస్తడు. కానీ జర మొండి మనిషి," అని నంబర్ ఇచ్చాడు. మర్నాడు మోపెడ్ మీద వచ్చాడు. సన్నటి మనిషి, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు, చెవి మీద వెలిగించని బీడీ. మోచేతుల దాకా తెల్లటి మరకలు. పొద్దున్నే స్నానం చేశాక కూడా అవి పోవని తర్వాత చెప్పాడు. "ఎముకల్ల సున్నమంతా అయిపోయింది సార్. పైన మిగిలింది గిదే."

నమస్తే లేదు, మంచినీళ్ళు లేవు. నేరుగా మెట్లు దిగి, గోడకు చేతి వెనకవైపు ఆనించాడు, పిల్లలకు నుదుటి మీద పెట్టి చూస్తామే, అలాగ. కాసేపు ఉంచాడు.

"జరమున్నది," అన్నాడు.

తర్వాత గోడ మీద పూసిన తెల్లటి నూగు వేలితో తీసి, నాలుక మీద పెట్టుకుని, ఉమ్మేశాడు. "ఉప్పు. మీది ఏ ఊరు సార్?"

"గుంటూరు అవతల."

"అట్లనా. రాయి కదా, నీళ్ళుండయి అనుకున్నరు." అది ప్రశ్న కాదు. "రాయి నీళ్ళు తాగది. తాగనిది ఏం చేస్తది? పక్కోనికి ఇస్తది. మీ గోడ పక్కోడు."

ఈ పెయింట్ అంతా గీకేసి సున్నం వెయ్యాలన్నాడు. సున్నమైతేనే గోడకు ఊపిరాడుతుందట. నాకు నవ్వొచ్చింది. ఒకట్లూ సున్నాలూ పేర్చి బతికినవాణ్ణి, చివరికి సున్నం దగ్గర తేలాను. ఆ ఒకటి ఎక్కడ జారిపోయిందో.

నేను అప్పటికే షేడ్ కార్డు తెచ్చి పెట్టుకున్నాను. అందులో నలుపు ఉన్న పేజీని పిన్ను కొట్టి మూసేశాను కూడా. "లేత నీలం ఎలా ఉంటుందంటారు? లేకపోతే ఈ పసుపు," అని చూపించాను. ఆయన కార్డు అందుకున్నాడు. దాంతో విసురుకోవడం మొదలుపెట్టాడు. కింద ఉక్కగా ఉంది మరి.

విసురుకుంటూ, "ఎవలి అర్ర ఇది?" అన్నాడు.

మూలన పరుపు, పరుపు మీద దుప్పటి, దుప్పటి కింద మా అమ్మాయి. "మా పాపది. ఒంట్లో కొంచెం..." అని నేను ఏదో కల్పించబోయాను.

"బిడ్డా, నీ గోడకు ఏం రంగు?"

"నలుపు," అంది దుప్పటి.

నేను నవ్వేసి, చిన్నపిల్ల అని సర్దబోతుంటే ఆయన కార్డు నా చేతిలో పెట్టి, పక్కనున్న బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"ఏ నలుపు కావాలె?"

దుప్పటి కాస్త కదిలింది. తర్వాత, "ఏ నలుపు ఏంటి?"

"నలుపు ఒకటే ఉంటదా? పెనం అడుగు నలుపు ఉన్నది. వాన పడ్డ రేగడి నలుపు ఉన్నది. బర్రె నలుపు వేరు, బర్రె నీళ్ళల్లకెల్లి లేచినంక నలుపు వేరు. నేరేడుపండు నలుపే గని కొరికితే లోపట ఊదా. నీది ఏదో చెప్తేనే నేను కలుపుత."

దుప్పటి ముక్కు దాకా దిగింది. నెలన్నరగా నేను సరిగా చూడని మొహం. అది నిజంగా ఆలోచిస్తోంది, పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినప్పుడు ఆలోచించేది, అలాగ.

"లైటు ఆపితే ఉంటుందే, అది."

"ఓ. అది మస్తు నలుపు."

"హాస్టల్లో ఆపరు," అంది గోడ వైపు చూస్తూ. "రాత్రంతా ట్యూబ్‌లైట్లు. స్విచ్చులు వార్డెన్ రూమ్‌లో ఉంటాయి. గోడలన్నీ తెలుపు. కళ్ళు మూసుకున్నా తెల్లగానే ఉండేది."

నేను 'ఎందుకు' అని అడిగాను. ఆయన 'ఏది' అని అడిగాడు. అంతే తేడా. అంతే అని ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నానుగాని, అప్పుడు మెట్ల మీద నిలబడి ఆ చెక్క రెయిలింగ్ పట్టుకుని ఉన్నాను.

"మరి ఈడ స్విచ్చు యాడున్నది?" అన్నాడాయన.

అమ్మాయి చెయ్యి ఎత్తి పైకి చూపించింది. ఆయన తల తిప్పాడు. నన్ను చూశాడు, నా తల పక్కన ఉన్న స్విచ్చుని చూశాడు. లేచి, గీకుడు కత్తి తీసుకుని పని మొదలుపెట్టాడు.

* * *

గీకడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నేను పైకీ కిందకీ తిరుగుతూనే ఉన్నాను. అయిందా, ఎంతవరకు వచ్చింది, ఎప్పటికవుతుంది.

"సార్, జర కూసోండ్రి. మీ నీడ గోడ మీద తిరుగుతుంటే గోడ అవుపడ్తలేదు."

కూర్చునేవాణ్ణి. రెండు నిమిషాలు. "మీ ఇంట్ల కుర్చీలు మంచిగ లేవా సార్?" అనేవాడు, నేను లేవగానే.

దేనికి తొందరపెట్టినా ఆయన దగ్గర ఒకటే జవాబు. "ఆరనియ్యిండ్రి." గోడ గురించి అడిగినా అదే. భోజనానికి రమ్మన్నా, చేతుల మీది సున్నం చూపించి అదే. మా ఆవిడ ఓ సాయంత్రం వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, పిల్ల ఇంక మామూలుగా అవుతుందంటారా అని ఆయన్ని అడిగేసింది. ఎవర్నీ అడగలేక ఒక సున్నం వేసేవాణ్ణి అడిగింది. ఆయన బీడీ చెవి మీద నుంచి తీసి, చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆరనియ్యమ్మా," అన్నాడు.

పెరట్లో డ్రమ్ములో సున్నంరాయి వేసి నీళ్ళు పోస్తే కుతకుత ఉడికేది. ఆ వేళప్పుడు మాత్రం ఎవర్నీ దగ్గరకు రానిచ్చేవాడు కాదు. తనే వంగి దానితో మాట్లాడేవాడు. "ఏందే నీ లొల్లి. అయిపాయె, అయిపాయె." అది నిజంగానే చల్లబడేది. మనుషులు చెప్పినా నేను అంత తొందరగా చల్లబడను.

నాలుగో రోజు మొదటి కోటింగ్. పొద్దున్నే పెరట్లో సున్నంలో మసి కలుపుతున్నాడు. నేను పక్కన చేరాను. చుట్టూ చూసి, గొంతు తగ్గించాను.

"పెద్దాయనా, ఒక్క మాట. ఇవాళ నల్లగానే వెయ్యండి, పిల్ల ముచ్చట. రేపటి నుంచి దానికి తెలియకుండా కొంచెం కొంచెం తెలుపు కలుపుతూ పోండి. నాలుగు కోటింగులు అయ్యేసరికి లేత బూడిదరంగులో ఆగితే చాలు."

ఆ ఉపాయం ఆలోచించడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. అది నా తెలివితేటలకు పరాకాష్ఠ అనుకున్నాను.

ఆయన కలపడం ఆపాడు. "పాలల్ల నీళ్ళు కలుపుడు చూసిన సార్. నీళ్ళల్ల నీళ్ళు కలుపుమన్నోళ్ళను చూడలే," అన్నాడు. బకెట్ అందుకుని మెట్లు దిగాడు. నేను వెనకాలే దిగాను.

"బిడ్డా," అన్నాడు బకెట్ దింపి. "మీ బాపు తెలుపు కలుపుమంటున్నడు. నీకు తెల్వకుంట."

భూమి రెండుగా చీలితే బాగుండనుకుంటారు ఇలాంటప్పుడు. నేను అప్పటికే భూమి లోపల ఉన్నాను, ఆ వీలు కూడా లేదు. అమ్మాయి నన్ను చూసింది. కోపంగా కూడా కాదు, ఇది నాకు ముందే తెలుసు అన్నట్టు.

"నేను కలుప," అన్నాడాయన. "ఎందుకంటే సున్నమే తెలుపు. నీకు ముందుగాలనే చెప్తున్న, ఇను. తడి మీద ఉన్నంతసేపు మస్తు నల్లగుంటది. ఆరితే బూడిద. ఎంత మసి పోసినా గంతే. ఆయిల్ పెయింట్ అయితే నల్లగనే ఉంటది గని, ఈ గోడ మీద నిలువది. వానకు పెచ్చులూడి నీ నెత్తిన పడ్తది. ఇగ నీ ఇష్టం."

అది చాలాసేపు ఆలోచించింది. "వెయ్యి తాతా. నల్లగా ఉన్నంతసేపు చూస్తా."

"మంచిది. నీకు కావాల్సిన నలుపు నా కుంచెల లేదు. అది స్విచ్చుల ఉన్నది. అది నా పని కాదు, మీ బాపును అడుగు."

"నాన్నా," అంది. ట్రంకుపెట్టె దింపిన రోజు తర్వాత ఆ పిలుపు అదే మొదలు. "స్విచ్చు లోపల పెట్టిస్తావా?"

పెట్టిస్తానని వెంటనే అనేసి ఉంటే ఈ వ్యాసంలో నేను కాస్త మంచివాడిగా కనిపించేవాణ్ణి. అనలేదు. స్విచ్చు లోపలికి వెళితే, చీకట్లో అది ఎంతసేపు ఉంటుందో, ఏం చేస్తుందో నాకు తెలియదు. దుప్పటి కదులుతోందో లేదో చూడలేను. ఆ లైటు దానికోసం కాదు, నాకోసం. అది నాకు తెలుసు. తెలిసినా చెయ్యి వదలడం వేరు.

"ఆలోచిస్తాను," అన్నాను.

"ఆలోచించుండ్రి సార్," అన్నాడు కుంచె ముంచుతూ. "గోడ ఆరేదాక టైమున్నది."

నేను పైకి వచ్చేశాను. వరండాలో తిరిగాను. ఆ వేళ ఎన్ని చుట్లు తిరిగానో చెప్పలేను. మా ఆవిడ గడప మీద కూర్చుని, "తిరిగి ఏం లాభం, తిరిగి రాదు కదా ఆ వయసు, దాని మాట విను," అంది. ఆవిడకు నా జబ్బు అంటుకుంది, బాధలో కూడా మాటలు విరుస్తుంది.

అప్పుడు కింద నుంచి కేక. "నాన్నా, తొందరగా రా. ఇప్పుడు నల్లగా ఉంది, మళ్ళీ పోతుంది."

రెండేసి మెట్లు దిగాను. మెట్ల మీద తక్కువ ఎత్తులో ఉన్న దూలం తలకు తగిలింది. నెలన్నరగా ఊరికే తల బాదుకుంటున్నాను, ఆ రోజు దూలానికి.

గోడ అంతా నలుపు. తడి తడిగా, లోతుగా, చెయ్యి పెడితే లోపలికి పోతుందేమో అన్నట్టుంది. ఆయన ఇంకో బకెట్ బోర్లించి, కాలితో నా వైపు తోశాడు. "కూసోండ్రి."

కూర్చున్నాను. ముగ్గురం వరసగా, మూడు బకెట్ల మీద.

వెంటిలేటర్ పక్కన మొదలైంది. రూపాయి బిళ్ళంత బూడిద మచ్చ. "అదిగో," అంది మా అమ్మాయి. తర్వాత ఇంకోటి. అవి ఒకదాన్నొకటి కలుపుకుంటూ, నలుపుని మూలలకు నెట్టుకుంటూ పోయాయి. అవన్నీ చూస్తూ అమ్మాయి మాట్లాడింది. నాతో కాదు, గోడతో. పొద్దున నాలుగున్నరకు బెల్లు. ర్యాంకు పడిపోతే మైకులో పేరు చదవడం. పక్క మంచం పిల్ల నిద్రలో లెక్కలు అప్పజెప్పడం. ఒక రాత్రి తను దుప్పటి నల్ల ఇంకులో ముంచి కప్పుకుందామని చూసి పట్టుబడటం. నాకు అడగాల్సినవి గొంతు దాకా ఉన్నాయి. ఆయన ఒకసారి నా మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆరని సున్నం నా ప్యాంటుకు అంటింది. అడగలేదు.

ఆ గంటసేపూ నేను లేవలేదు. మా ఆవిడ సాక్షి, మెట్ల మీద నిలబడి చూసింది.

చివరి నలుపు తలుపు పక్క మూలలో కాసేపు ఆగి, అదీ పోయింది. గోడ మొత్తం పావురం రంగులో ఉంది.

"పోయింది," అంది అమ్మాయి.

"చెప్పిన కదా."

"రేపు మళ్ళీ వేస్తావా?"

"రేపు ఇంకో నలుపు."

నేను లేచి, నాలుగో మెట్టు మీదికి వెళ్ళాను. సిగ్నల్ అక్కడి నుంచే మొదలవుతుంది. అక్కడే నిలబడి, వాళ్ళిద్దరికీ వినపడేలా, ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను.

స్విచ్చు లోపలికి వెళ్ళింది, పరుపు మీద నుంచి చెయ్యి చాపితే అందేలా. మెట్ల మొదట్లో పాత బోర్డు అలాగే ఉంది, వెనకాల వైరు లేదు. అలవాటుకొద్దీ వెళ్ళి నొక్కేవాణ్ణి. ఏదీ వెలిగేది కాదు. నొక్కి, ఏమీ చూడకుండా తిరిగి వచ్చేవాణ్ణి. ఇప్పటికీ అప్పుడప్పుడూ నొక్కుతుంటాను.

నాలుగు రోజులు నాలుగు కోటింగులు. ప్రతిసారీ తలుపు వెనక మూలలో నాలుగు వేళ్ళ వెడల్పు వదిలేసేవాడు, కింది పొర కనబడేలా. ఎందుకని అడిగితే, "రేపు ఎవలన్న వస్తే ముందుగాల ఏమేమైందో తెల్వాలె కదా," అన్నాడు. ఆ నాలుగు బూడిదరంగుల మెట్లు ఇప్పటికీ తలుపు వెనక ఉన్నాయి. నాలుగో కోటింగ్ పడ్డ మధ్యాహ్నం మా ఆవిడ కంచం దింపబోతుంటే, కింద నుంచి, "పైకొస్తున్నా," అని వినపడింది. మా ఆవిడ ఆ కంచం పట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది.

* * *

తర్వాత ఏడాది అది మొయినాబాద్‌లోనే కాలేజీలో చేరింది, రోజూ ఇంటికి వచ్చేలా. ఆయన ఏటా వానలకు ముందు వచ్చేవాడు. "బిడ్డా, ఈసారి కొత్త నలుపు," అంటూ దిగేవాడు. ఇద్దరూ కుంచెలు పట్టుకుంటే నాకు అక్కడ పని ఉండేది కాదు. కూర్చునే పని తప్ప. దొంతన్‌పల్లిలో హాస్టల్ గది చూడటానికి వెళ్ళినప్పుడు అది మంచం చూడలేదు, కిటికీ చూడలేదు. స్విచ్చు ఎక్కడుందో చూసి, "సరే," అంది.

వాన పడితే మా గోడ తడి పట్టి మళ్ళీ నల్లబడుతుంది. అప్పుడు ఫోన్ చేస్తుంది. "నాన్నా, ఇవాళ ఎంత నలుపు?" నేను దిగి చూసి, నాలుగో మెట్టు ఎక్కి చెప్పాలి. "పెనం." "అబద్ధం." "సరే, తోమిన పెనం."

అలాంటి పిల్లకు ఇప్పుడు ఈ మాట చెప్పాలి. ఏం చెప్పాలో తెలియక, తెలియనప్పుడు చేసేదే చేశాను. కారు తీసి చేవెళ్ళ వెళ్ళాను.

మార్కెట్ దాటాక, సందులో మూడో ఇల్లు. గుర్తు అడిగితే అందరూ ఒకటే చెప్పారు, మచ్చల గోడ అని. చూస్తే నిజమే. వీధి గోడ మీద అరచేతులంత మచ్చలు, వందలు. ఎవరింటికి ఏ రంగు తీసుకెళ్ళాలన్నా ముందు తన గోడ మీద వేసి, పొద్దున ఒకసారి, ఎండలో ఒకసారి, మాపటికి ఒకసారి చూసుకునేవాడట.

ఫోన్‌లో మాట్లాడిన ఆవిడే తలుపు తీసింది. నేను గోడ వైపు చూస్తూ ఉండిపోతే, "గిదేం రంగు ఇల్లు అని అడుగకు బిడ్డా. చుట్టాలకు గుర్తు చెప్పరాక నలభై ఏండ్లు సచ్చిన," అంది. తర్వాత కుళాయి పక్కన, కింద వరసకు నన్ను తీసుకెళ్ళింది. అక్కడన్నీ బూడిదరంగు మచ్చలు. "ఇవి మీ బిడ్డవి. వచ్చే యేటికి ఏది మంచిగుంటదో అని ఏడాదంత ఏదో ఒకటి రుద్దుతుండె."

ఆ మచ్చల్లో నాకు తేడా తెలియలేదు. ఆవిడ చెంబుతో నీళ్ళు చిమ్మింది. అన్నీ ఒక్కసారి నల్లబడ్డాయి, ఒక్కోటి ఒక్కో నలుపు. "తడుపితే గని తెల్వది," అంది. చిట్టచివరి మచ్చ మిగతావాటికంటే కొత్తది.

లోపలికి వెళ్ళి న్యూస్‌పేపర్ పొట్లం తెచ్చింది. మూతి దారంతో కట్టి ఉంది. "ఈ ఏటిది. కలిపి పెట్టిండు. మీ బిడ్డకు ఇయ్యి."

"ఇది ఏ నలుపో చెప్పలేదా అవ్వా?"

"అడిగిన. ఆ పిల్లనే చెప్తది తియ్ అన్నడు."

పొట్లం తీసుకుని నిలబడ్డాను. కూర్చోమంది. కూర్చున్నాను, ఆవిడ టీ పెట్టి, నాకిచ్చి, తనూ తాగి, ఆయన మోపెడ్ ఎవరికి ఇవ్వాలా అని నన్నే సలహా అడిగేదాకా కూర్చున్నాను. ఆవిడ నా వైపు కాస్త వింతగా చూసింది. ఆయన చెప్పింది వేరుగా ఉండి ఉంటుంది.

* * *

ఇంటికి వచ్చేసరికి వాన జోరుగా పడుతోంది. గొడుగు మరిచిపోయి, పొట్లాన్ని చొక్కాలో దాచుకుని లోపలికి పరుగెత్తాను. సెల్లార్లోకి దిగాను. వెంటిలేటర్ వెలుగులో గోడ తడిసి నల్లగా ఉంది. ఇన్నేళ్ళలో అంత నలుపు చూడలేదు. ఈ ఏడు కోటింగ్ పడలేదు కదా, నీళ్ళన్నీ తాగేసినట్టుంది.

ఫోన్ మోగే టైము అని పైకెక్కి నాలుగో మెట్టు మీద నిలబడ్డాను. మోగింది.

"నాన్నా, ఇక్కడ ఒకటే వాన. ఇవాళ ఎంత నలుపు?"

"చాలా."

"చాలా అంటే? సరే, ఫొటో వద్దులే, ఫొటోలో రాదు. సున్నం తాత ఎప్పుడొస్తున్నాడు? ఈసారి నేను ఉన్నప్పుడే రమ్మను. నా పరీక్షలు పద్దెనిమిదికి అయిపోతాయి."

పరీక్షలు. ఆ మాట వినగానే నా చేతిలోకి తెల్లటి బకెట్ వచ్చేసింది. ఒంట్లో బాగాలేదట అనొచ్చు. ఊరెళ్ళాడట, వానలు తగ్గాక వస్తాడట అనొచ్చు. రోజుకు కొంచెం కొంచెం కలుపుతూ పోతే, పద్దెనిమిదికల్లా లేత బూడిదరంగులో ఆగుతుంది. నాలుక చివర దాకా వచ్చింది కూడా.

"ఇంక రాడమ్మా," అన్నాను. "పోయాడు. నెల దాటింది. నిద్రలోనే. నాకు ఇవాళే తెలిసింది."

వాన చప్పుడు. అక్కడిదో ఇక్కడిదో తెలియలేదు. నా కాళ్ళు నడుద్దామంటున్నాయి. మెట్టు మీద ఎటు నడిచినా సిగ్నల్ పోతుంది.

"వాళ్ళింటికి వెళ్ళావా?" అంది. గొంతు గట్టిగానే ఉంది, గట్టిగా ఉంచుకుంటోంది.

"వెళ్ళొచ్చాను. నీకు పొట్లం ఇచ్చాడు. ఈ ఏటి నలుపు. ఏ నలుపో ఎవరికీ చెప్పలేదు. నువ్వే చెబుతావన్నాడట."

ఏడుస్తోందని తెలిసింది. ఏడవనిచ్చాను. ఆపడానికి ఒక్క మాట కూడా వెతకలేదు.

"నువ్వు ఇప్పుడు ఎక్కడున్నావు?"

"నాలుగో మెట్టు మీద."

"లైటు వేశావా?"

"స్విచ్చు లోపలుంది కదా."

"వెయ్యకు. బస్సు ఉంది, వస్తున్నా. పొద్దున్నే వెళ్ళిపోతా, చదువుకుంటా, దాని గురించి ఏమీ అనకు. గోడ ఆరేలోపు వచ్చేస్తా."

ఫోన్ జేబులో పెట్టుకుని కిందకి దిగాను. చేతి వెనకవైపు గోడకు ఆనించి చూశాను. చల్లగా, తడిగా ఉంది. జరమున్నది.

రెండు బకెట్లు వెతికి బోర్లించాను. పొట్లం ఒకదాని మీద పెట్టాను. రెండో దాని మీద కూర్చున్నాను.